విప్పే ముందు: మెయింటెనెన్స్ వృత్తిలోకి రాబోయే విద్యార్థులతో

(ఐ.టి.ఐ. ఫిట్టర్ ట్రేడు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, ఇన్‌స్ట్రక్టర్లకు, పిల్లల బతుకుతెరువు సంగతి తెలుసుకుందామని ఇంత ఎండలో వచ్చి కూర్చున్న తల్లిదండ్రులకు, అందరికంటే ముఖ్యంగా ఈ ఏడాది ఫిట్టర్ ట్రేడు పూర్తి చేయబోతున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నేను ముప్పై నాలుగేళ్లు మెకానికల్ మెయింటెనెన్స్‌లో పనిచేశాను. మీలాగే పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో చేరి, ఫిట్టరుగా ఫ్యాక్టరీ గేటు లోపల అడుగుపెట్టినవాణ్ణి. ఈ రంగంలో ఉన్న అవకాశాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వాటి గురించి చెబుతాను. కానీ ముందు ఆ పని ఏమిటో, దానికి మనిషి ఎలా తయారవుతాడో చెప్పాలి. చెడిపోయిన యంత్రాన్ని విప్పి బాగుచేయడమే మెయింటెనెన్స్ అని చాలామంది అనుకుంటారు. విప్పడం ఆరు నెలల్లో వస్తుంది. ఎందుకు విప్పాలో, ఎక్కడ విప్పాలో, ఎప్పుడు పానా పక్కన పెట్టి ఆగాలో తెలియడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. మీ శిక్షణ అంతా ఆ రెండో దాని కోసమేనని నా నమ్మకం.

ఉద్యోగంలో చేరిన మూడో ఏట జరిగిన సంగతి ఒకటి వినండి. మా ఫ్యాక్టరీలో కూలింగ్ వాటర్ పంపును నడిపే మోటారు ఒకటి ఉండేది. నిమిషానికి 1480 చుట్లు తిరిగేది. మోటారును పంపుతో కలిపే కప్లింగ్ వైపు, షాఫ్టును మోసే బేరింగు దగ్గర సన్నగా కీచుమంటోందని షిఫ్టు ఆపరేటరు చెప్పాడు. నేను వెంటనే పర్మిట్ తీసుకుని, మోటారు దించి, బేరింగు మార్చి, సాయంత్రానికల్లా పంపు నడిపించాను. అందరూ మెచ్చుకున్నారు. అయిదు వారాలకు ఆ కొత్త బేరింగు వేడెక్కి పట్టేసింది. మళ్లీ మార్చాను. ఈసారి నాలుగు వారాలు కూడా నిలవలేదు. సరుకు నకిలీదేమోనని స్టోర్సు వాళ్లతో వాదించాను, గ్రీజు మంచిది కాదేమోనని వేరే కంపెనీది తెప్పించాను. మూడోసారి విప్పబోతుంటే మా మేస్త్రి గారు వచ్చి, "పానా కింద పెట్టు బాబూ, ముందు దాన్ని చూడనీ" అన్నారు.

అరగంట సేపు ఆయన ఏదీ విప్పలేదు. మోటారు చుట్టూ తిరిగారు, పునాది మీద అరచెయ్యి ఆనించి చూశారు, లాగ్‌బుక్ తెప్పించి పేజీలు వెనక్కి తిప్పారు. ఆ తర్వాత మోటారు ఒక కాలి మీద డయల్ గేజ్ నిలబెట్టి, ఆ ఒక్క కాలి బోల్టును నెమ్మదిగా వదులు చేయమన్నారు. ముల్లు కదలడం మొదలుపెట్టింది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. అది ముప్పై అయిదు గీతలు దాటి ఆగింది. అంటే ఆ కాలి కింద మిల్లీమీటరులో మూడో వంతుకు పైగా ఖాళీ ఉందన్నమాట. బోల్టు బిగించినప్పుడల్లా మోటారు బాడీ మెలి తిరుగుతోంది, షాఫ్టు వరస తప్పుతోంది, ఆ భారమంతా కప్లింగ్ వైపు బేరింగు మీద పడుతోంది. దీన్ని సాఫ్ట్ ఫుట్ అంటారు.

ఆ ఖాళీ ఎక్కడి నుంచి వచ్చింది? మొదటిసారి మోటారు దించినప్పుడు నాలుగు కాళ్ల కింద ఎత్తు సరిచేయడానికి పెట్టే పలుచని రేకులను, అంటే షిమ్ములను, నేను ఒకే గుడ్డలో మూటగట్టాను. ఏ కాలి కింద ఎంత మందం ఉందో రాసుకోలేదు, తిరిగి ఎక్కించేటప్పుడు కళ్లతో అంచనా వేసి సర్దాను. లాగ్‌బుక్‌లో గ్రీజు పెట్టిన తేదీలు చూస్తే, మొట్టమొదట వచ్చిన కీచు చప్పుడు గ్రీజు అందక వచ్చినదని కూడా అర్థమైంది. గ్రీజు గన్నుతో రెండు స్ట్రోకులు వేస్తే పోయే చప్పుడుకు నేను మోటారునే దించాను. మొదట ఉన్నది చిన్న లోపం. దాని కింద పెద్ద లోపాన్ని పెట్టింది నా చేతులే. ఆ రోజు మేస్త్రి గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. షిమ్ములు మందం వారీగా కొలిచి, కాలికొక నంబరు వేసి, నా చేతనే పెట్టించారు. అప్పుడు వేసిన కొత్త బేరింగు ఆ తర్వాత ఏళ్ల తరబడి నడిచింది.

ఇది నా ఒక్కడికే జరిగినదని అనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో సముద్రం మీద గస్తీ తిరిగే విభాగమైన కోస్టల్ కమాండ్ విమానాల మీద వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన తోటివారు లెక్కలు కట్టి చూశారు. ప్రతి 50 గంటల ప్రయాణానికి ఒకసారి క్రమం తప్పకుండా చేసే తనిఖీ ముగిసిన వెంటనే లోపాలు పెరుగుతున్నాయని, గంటలు గడిచేకొద్దీ తగ్గుతున్నాయని తేలింది. లోపాలు పోగొట్టడానికి పెట్టిన తనిఖీయే కొన్ని లోపాలు తెచ్చిపెడుతోందన్నమాట. ఆ తర్వాత 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలన్, హీప్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఇచ్చిన నివేదికలో ఇంకా స్పష్టమైన లెక్క ఉంది. వాళ్లు పరిశీలించిన విమాన భాగాలలో వయసు మీరిన కొద్దీ చెడిపోయేవి 11 శాతమే. 68 శాతం భాగాలకు కొత్తగా బిగించిన తొలి రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. ఆ గండం గడిస్తే వాటి వయసుకూ చెడిపోవడానికీ సంబంధం కనిపించలేదు.

విమానాల అంకెలను తెచ్చి మన చెరకు ఫ్యాక్టరీకో, ఉక్కు కర్మాగారానికో యథాతథంగా అతికించకూడదు. చెరకు గానుగ రోలర్లు, బూడిద నీళ్లు తోడే పంపుల లోపల నీటిని నెట్టే ఇంపెల్లర్లు, క్రషర్ల దవడ పలకలు రాపిడికి అరిగి తీరతాయి. వాటికి కాలం లెక్కపెట్టి మార్చడమే పద్ధతి. చెరకు ఫ్యాక్టరీలలో గానుగ సీజను అయ్యాక నెలల తరబడి జరిగే ఓవర్‌హాలింగ్‌కు అందుకే అంత విలువ. కానీ బాగా నడుస్తున్న గేరు బాక్సును, ఏడాదైంది కదా అని కారణం లేకుండా తెరిచేవాళ్లు ఈ అంకెల దగ్గర ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అరిగేది ఏది, అరగనిది ఏది అని విడదీసి చూడగలగడం ఈ వృత్తిలో మొదటి తెలివి.

ఇప్పుడు మీ శిక్షణ సంగతికి వస్తాను. మొదటి ఏడాది బెంచి వైసు ముందు నిలబడి, చదరపు ఇనుప ముక్కను రోజుల తరబడి ఆకురాయితో రుద్దుతుంటే మీకు విసుగు పుట్టి ఉంటుంది. కంప్యూటరుతో నడిచే సి.ఎన్.సి. మిషన్లు ఉన్న ఈ కాలంలో ఇదేం చదువని ఒక తండ్రి ఇందాక నన్ను అడిగారు. అయ్యా, ఆ ముక్క చదునుగా రావాలని కాదు మేము రుద్దించేది. మూలమట్టం చూసే ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచు కింద నుంచి సన్నటి కాంతి గీత కనబడుతుంది. ఆ గీత ఎక్కడ లావుగా ఉందో కనిపెట్టి, అక్కడ కాకుండా దాని పక్కన రుద్దాలని చెయ్యికి తెలియాలి. ఎన్ని ముక్కలు పాడు చేస్తే అంత తెలుస్తుంది. చెయ్యి ఒకసారి మిల్లీమీటరులో పదో వంతును గుర్తుపట్టడం నేర్చుకుంటే, రేపు ఫ్యాక్టరీలో పునాది పలక మీద చెయ్యి ఆనించగానే ఎక్కడో ఎత్తుగా ఉందని దానంతట అదే అనిపిస్తుంది. మేస్త్రి గారు అరచేత్తో చూసింది అదే. ఆ తర్వాతే ఆయన గేజ్ పెట్టారు.

బేరింగు బిగించడం కూడా అంతే. మీలో చాలామందికి నంబరు చదవడం వచ్చే ఉంటుంది: 6313 అంటే చివరి రెండంకెలు 13ను 5తో గుణిస్తే 65, అంటే లోపలి రంధ్రం 65 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి ఈ లెక్క పనికొస్తుంది. 00, 01, 02, 03లకు వరుసగా 10, 12, 15, 17 మిల్లీమీటర్లని విడిగా గుర్తుంచుకోవాలి. చదవడం సులువే, ఎక్కించడం కష్టం. షాఫ్టు మీద బిగుతుగా కూర్చునే బేరింగును బయటి రింగు మీద సుత్తితో కొడితే, ఆ దెబ్బ గోళీల గుండా లోపలికి వెళ్లి, అవి తిరిగే బాటలో కంటికి కనబడని గుంటలు పెడుతుంది. ఆ గుంటలు ఆ రోజు మాట్లాడవు, రెండు నెలల తర్వాత మాట్లాడతాయి. అందుకే మంట లేకుండా కరెంటుతో వేడి చేసే ఇండక్షన్ హీటరులో 110 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి ఎక్కించాలి. మామూలు వేడి మీద నుంచి అంత వేడికి వెళ్లేసరికి 65 మిల్లీమీటర్ల రంధ్రం నూరింట ఆరు వంతుల మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. ఆ కాస్త చాలు, బేరింగు చేతి తోపుడుకే జారి తన చోటులో కూర్చుంటుంది. గ్యాసు మంటతో వేడి చేయడం, గ్రీజు నిండా కుక్కడం రెండూ మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాట్లు. గ్రీజు లోపలి ఖాళీలో మూడో వంతు నుంచి సగం వరకు ఉంటే చాలు. ఎక్కువైతే అది చిలకబడి, బేరింగును తానే వేడెక్కిస్తుంది.

యంత్రం మాట వినడం గురించి ఒక మాట. మా కాలంలో పెద్ద స్క్రూడ్రైవరు మొనను బేరింగు హౌసింగు మీద ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు తగిలించి వినేవాళ్లం. ఇప్పుడు వైబ్రేషన్ కొలిచే పరికరాలు చేతిలో ఇమిడేంత చిన్నవి వచ్చాయి. నిమిషానికి 1480 చుట్లు అంటే సెకనుకు పాతికకు కొంచెం తక్కువ. ఆ వేగం దగ్గరే కంపనం ఎక్కువగా ఉంటే తిరిగే భాగం బరువు సమంగా లేదని, దానికి రెట్టింపు దగ్గర ఎక్కువగా ఉంటే షాఫ్టుల వరస తప్పిందని ముందుగా అనుమానిస్తాం. అనుమానిస్తాం అన్నాను, తేల్చేస్తాం అనలేదు. పరికరం ఒక జాడ చూపుతుంది. ఆ జాడను వేడితో, చప్పుడుతో, నూనె రంగుతో, లాగ్‌బుక్‌లో రాసినదానితో కలిపి చదవాల్సింది మనిషే. అందుకే కొత్త పరికరాలు వచ్చాక పాత చెవి అక్కర్లేదనే మాటను నేను ఒప్పుకోను.

అలాగే, నేను మెకానికల్ వాణ్ణి కదా, కరెంటు సంగతి నాకెందుకు అనే రోజులు వెళ్లిపోయాయి. ప్యానెల్లో చూపించే ఒత్తిడి గానీ వేడి గానీ అక్కడికి సాధారణంగా 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా వస్తుంది. సున్నా నుంచి పది బార్ల ఒత్తిడి కొలిచే ట్రాన్స్‌మిటర్ ఒత్తిడి లేనప్పుడు 4, అయిదు బార్ల దగ్గర 12, పది బార్ల దగ్గర 20 పంపుతుంది. సున్నా నుంచి మొదలుపెట్టకుండా నాలుగు నుంచి ఎందుకు మొదలుపెట్టారు? వైరు తెగితే కరెంటు సున్నా అవుతుంది కాబట్టి. ఒత్తిడి లేకపోవడం వేరు, కబురు రాకపోవడం వేరు. ఈ రెంటినీ విడదీయడానికి చేసిన ఏర్పాటు అది. ఇది తెలిసిన ఫిట్టరు పంపు విప్పే ముందు మీటరు పెట్టి చూస్తాడు. తెలియనివాడు నిక్షేపంగా ఉన్న పంపును విప్పి, పూటంతా పోగొట్టుకుని, చివరికి జంక్షన్ బాక్సులో ఊడిన వైరు దగ్గరికి చేరతాడు. అందుకని రెండో ఏడాది సాయంత్రాలు ఎలక్ట్రీషియన్ ట్రేడు స్నేహితుల దగ్గర కూర్చోండి, మల్టీమీటరు వాడడం నేర్చుకోండి, యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటరైన పి.ఎల్.సి. ప్యానెల్లో ఏ దీపం దేనికో అడగండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. తల్లిదండ్రులు కూడా దీన్ని శ్రద్ధగా వినాలని నా మనవి. నేను పనిచేసిన ఒక చోట ఏటవాలుగా పైకి వెళ్లే కన్వేయరు ఉండేది. గేరు బాక్సు మార్చాలి. స్విచ్ ఆపారు, ఫ్యూజులు కూడా తీశారు. కరెంటు లేదు కాబట్టి భయం లేదనుకున్నారు. కానీ బెల్టు మీద సరుకు టన్నుల కొద్దీ అలాగే ఉంది. ఆ బెల్టు వెనక్కి జారకుండా పట్టి ఉంచే హోల్డ్‌బ్యాక్ గేరు బాక్సు లోపలే ఉంది. కప్లింగ్ ఆఖరి బోల్టు వచ్చిన క్షణంలో డ్రమ్ము వెనక్కి తిరిగింది. నా తోటి ఫిట్టరు కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. మేమిద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ఆ తర్వాత అతను స్టోర్సులో చీటీలు రాసే పనికి మారాడు, ఎడమ చేత్తో రాయడం నేర్చుకుని.

యంత్రంలో ఉండే శక్తి కరెంటు ఒక్కటే కాదు. ఎత్తున వేలాడే బరువు, నొక్కుకుపోయిన స్ప్రింగు, పైపులో మిగిలిన ఆవిరి, పంపు ఆపిన తర్వాత కూడా అక్యుములేటర్లో ఒత్తిడితో నిలిచి ఉండే హైడ్రాలిక్ నూనె, ఇవన్నీ శక్తే. అమెరికాలో 1989లో వచ్చిన లాక్ అవుట్, ట్యాగ్ అవుట్ (పనికి ముందు స్విచ్‌కు తాళం వేసి చీటీ తగిలించడం) నిబంధన ఇప్పుడు మన పెద్ద ఫ్యాక్టరీలలోనూ రోజువారీ పద్ధతి అయింది. అయిదుగురు పనిచేస్తుంటే స్విచ్‌కు అయిదు తాళాలు పడాలి. ఎవరి తాళం చెవి వారి జేబులోనే ఉండాలి. తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి, యంత్రం కదలడం లేదని కళ్లారా చూసి, అప్పుడు చెయ్యి పెట్టాలి. హైడ్రాలిక్ గొట్టంలో లీకు ఎక్కడుందో వెతకడానికి చేత్తో తడమకండి, అట్టముక్క వాడండి. సూదిమొనంత చిల్లు నుంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనబడే ఆ గాయం చెయ్యి తీసేయాల్సినంత వరకు వెళ్లగలదు. ఆలస్యమవుతోందని పైనుంచి ఎవరు తొందరపెట్టినా, తాళం వెయ్యకుండా పని మొదలుపెట్టనని మర్యాదగా, గట్టిగా చెప్పండి. అలా చెప్పగలగడం కూడా శిక్షణలో భాగమే, దానికి మార్కులు ఉండకపోయినా.

లాగ్‌బుక్ గురించి ఇందాక చెప్పాను. "బేరింగు మార్చడమైనది" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టడం రాయడం కాదు. విప్పినప్పుడు ఏ రంగులో కనబడింది, గ్రీజు ఎండిందా, ఏ కాలి కింద ఎన్ని షిమ్ములు ఉన్నాయి, బిగించాక షాఫ్టుల వరస, అంటే అలైన్‌మెంట్, ఎంత వచ్చింది, మొదటి గంటలో వేడి ఎంతకు చేరింది అని రాయండి. ఇంగ్లీషు రాదని వెనకాడకండి. తెలుగులో రాసినా అంకెలు అంకెలే. ఆ పేజీ అయిదేళ్ల తర్వాత మీకు పరిచయం లేని ఒక ఫిట్టరుకు అర్ధరాత్రి పూట పనికొస్తుంది.

ముందున్న దారుల సంగతి ఇప్పుడు చెబుతాను. మన దేశంలో ఈ వృత్తి శిక్షణ పథకం 1950లో మొదలైంది. అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. రెండేళ్ల ఫిట్టర్ ట్రేడు పూర్తయి జాతీయ ట్రేడు సర్టిఫికెట్ చేతికి వచ్చాక, ఏడాది పాటు ఏదైనా ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరమని నా గట్టి సలహా. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో కొంత భాగాన్ని కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది కాబట్టి చిన్న కంపెనీలు కూడా తీసుకుంటున్నాయి. కాంట్రాక్టరు దగ్గర రెండు వేలు ఎక్కువ వస్తాయని ఆ ఏడాదిని వదులుకోకండి. ఆ సంవత్సరంలో తప్పు చేస్తే సరిదిద్దే మనిషి పక్కన ఉంటాడు. తర్వాత అలాంటి మనిషి దొరకడం కష్టం. చదువు మీద మనసున్నవారు పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలోకి లేటరల్ ఎంట్రీ ద్వారా వెళ్లవచ్చు. కొలతల మీద, టూలింగు మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. బోధన ఇష్టమైనవారు ఏడాది ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ తీసుకుని ఇలాంటి ఐ.టి.ఐ.కే తిరిగి రావచ్చు. మంచి ఇన్‌స్ట్రక్టర్ల అవసరం నాకు తెలిసినంత కాలంగా ఉంది.

పని ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఈ విశాఖ చుట్టూనే చూడండి. 1941లో మొదలైన షిప్‌యార్డు, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, పోర్టు, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం పారిశ్రామిక ప్రాంతం ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలో పెద్ద రోలింగ్ మిల్లు, ఫార్మాలో అద్దంలా మెరిసే స్టీలు రియాక్టరు. రెండు చోట్లా తిరిగేది షాఫ్టే, దాన్ని మోసేది బేరింగే. ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట: ఇది బలం మీద నడిచే పని అనే భయం పెట్టుకోకండి. బరువు ఎత్తడానికి చైన్ బ్లాకు ఉంది, క్రేను ఉంది. షాఫ్టును నూరో వంతు మిల్లీమీటరు దాకా సర్దడానికి కావలసింది ఓర్పు, చూపు, రాసుకునే అలవాటు. ఆ మూడూ ఉన్న అమ్మాయిలకు నేను పని నేర్పాను. వాళ్లు చేసిన అలైన్‌మెంట్ మీద సంతకం పెట్టడానికి ఎన్నడూ వెనకాడలేదు.

ఈ బల్ల మీద మూడు బేరింగులు పెట్టాను, చూస్తున్నారు కదా. ఒకటి ఇవాళే పెట్టెలోంచి తీసినది. రెండోది అవసరానికని పక్కన ఆపి ఉంచిన ఒక స్టాండ్‌బై పంపులోంచి వచ్చింది. నెలల తరబడి అది తిరగలేదు, పక్కన నడిచే పంపు అదురుకే దాని బాటలో గోళీకొక గుర్తు పడింది. ఆగి ఉన్న యంత్రం షాఫ్టును అప్పుడప్పుడు తిప్పి ఉంచమనేది అందుకే. మూడోది వేగాన్ని తగ్గించి పెంచే వేరియబుల్ స్పీడ్ డ్రైవు మీద నడిచిన మోటారుది. షాఫ్టు గుండా వచ్చిన కరెంటు బేరింగును దాటుతూ బాట నిండా బట్టలుతికే చెక్క మీది గాడుల్లాంటి చారలు పెట్టింది. వరుసగా రండి. ముందు కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ వేళ్లతో తిప్పండి, ఏది కొత్తదో చెప్పండి. తర్వాత కళ్లు తెరిచి, ఈ భూతద్దంతో చూసి, మిగిలిన రెంటిలో ఏది దేనివల్ల చెడిందో మీ నోట్సులో రాయండి. అది రాశాక మీ ప్రశ్నలకు వస్తాను.